సైనిక సిబ్బంది లెక్కలకు సిమ్‌పై: ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ ముంచుతుంది

సైన్యానికి హవల్దారు కావాలంటే పేపర్లో ప్రకటన ఇచ్చి తెచ్చుకోలేదు. ఎప్పుడో పది పదిహేనేళ్ల కిందట సిపాయిలుగా చేరినవాళ్లలోంచే హవల్దార్లు తయారు కావాలి. కల్నల్ సంగతీ అంతే. అందుకే ఒక ఏడాది ఎంతమందిని చేర్చుకున్నామన్నది ఆ ఏడాదితో తీరిపోయే లెక్క కాదు. కొవిడ్ వల్ల 2020-21, 2021-22 సంవత్సరాల్లో మన సైన్యంలో నియామకాలు ఆగిపోయాయి. ఆ రెండేళ్ల బ్యాచ్‌లు లేవు. పన్నెండో ఏట హవల్దారు అవుతారనుకుంటే, ఆ గొయ్యి 2032-34 మధ్య హవల్దార్ల వరుసలో బయటపడుతుంది. అక్కడితో పూడదు, తర్వాత ఇంకో మెట్టు ఎక్కి నాయబ్ సుబేదార్ల దగ్గర కనిపిస్తుంది.

ఇలాంటి గొయ్యిని పదేళ్ల ముందే చూపించేందుకు సిమ్యులేషన్ నమూనాలు (జరగబోయేదాన్ని కంప్యూటర్‌లో నడిపి చూసే ప్రోగ్రాములు) వాడతారు. వాటిని కట్టడానికి దొరికే సాధనాల్లో సిమ్‌పై ఒకటి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లకు అందుబాటులో ఉండే ఉచిత లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్ సముదాయం), ఎవరైనా వాడి మార్చుకోవచ్చనే ఎంఐటీ లైసెన్సు. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో వెర్షన్, పైథాన్ 3 ఉంటేనే పనిచేస్తుంది. దీన్ని ఫ్యాక్టరీ లైన్లకూ ఆస్పత్రి క్యూలకూ ఎక్కువగా వాడతారు. సిబ్బంది ప్రణాళికకు ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష. ఉదాహరణల్లోని దళం, సీట్లు, శాతాలు ఊహించి రాసినవి. అగ్నిపథ్ నిబంధనలు, అధికారుల పదోన్నతి గడువులు మాత్రం ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించినవే.

ముందుగా, సిమ్‌పై అక్కర్లేని పని గురించి. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ ప్రకారం అగ్నివీర్లు నాలుగేళ్లు పనిచేస్తారు. ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకు రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు, వాళ్లు కనీసం మరో 15 ఏళ్లు సేవ చేయాలి. ఏటా ఒకే సంఖ్యలో చేర్చుకుంటూ, మధ్యలో ఎవరూ వెళ్లిపోకుండా ఉంటే దళం ఎక్కడ స్థిరపడుతుంది? నాలుగేళ్ల వాళ్లు చేరికకు 4 రెట్లు. ఉంచుకున్నవాళ్లు 0.25 ఇంటూ 15, అంటే 3.75 రెట్లు. మొత్తం 7.75 రెట్లు. 10,000 మంది దళం నిలవాలంటే ఏటా 1,290 మందిని చేర్చుకోవాలి, దళంలో దాదాపు 52 శాతం ఎప్పుడూ నాలుగేళ్ల లోపు సర్వీసు వాళ్లే. ఉంచుకునే వాటా 50 శాతం చేస్తే గుణకం 11.5 అవుతుంది, చేరిక 870కి దిగుతుంది, నాలుగేళ్ల లోపువాళ్లు 35 శాతానికి తగ్గుతారు. ఇదంతా ఎక్సెల్‌లో పది గడుల పని. ఇంత మాత్రం తెలుసుకోవడానికి సిమ్యులేషన్ కట్టినవాళ్లు నెలలు వృథా చేసుకున్నట్టే.

మరి సిమ్‌పై ఎప్పుడు తీయాలి? సీటు, తేదీ, వ్యక్తి ఈ మూడూ లెక్కలోకి వచ్చినప్పుడు. పై దళానికే శిక్షణ కేంద్రంలో ఏడాదికి రెండు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు 600 సీట్లు ఉన్నాయనుకుందాం. 1,290 మంది కావాలి, 1,200 మందికే చోటుంది. ఏటా 90 తక్కువ. అది 7.75 రెట్లు పేరుకుని చివరికి దాదాపు 700 మంది లోటవుతుంది. ఇంతవరకూ ఎక్సెల్ చెబుతుంది. కానీ అందులో ఒక బ్యాచ్ ఆలస్యమైతే, బోధకులు సగం మంది అదే సమయంలో యూనిట్లకు తిరిగి వెళ్లాల్సి వస్తే, శిక్షణలో తప్పినవాళ్లు తర్వాతి బ్యాచ్‌లో సీట్లు తింటే ఏమవుతుందో సగటు లెక్క చెప్పలేదు.

సిమ్‌పై బలం ఇక్కడే. ప్రతి మనిషినీ ఒక ప్రాసెస్‌గా రాస్తాం: చేరాడు, సీటు కోసం ఆగాడు, శిక్షణ పొందాడు, యూనిట్‌కు వెళ్లాడు, నాలుగేళ్లకు ఎంపికకు వచ్చాడు. సేవా నియమాలు కాగితం మీద ఏ వరుసలో ఉంటాయో కోడ్ కూడా దాదాపు అదే వరుసలో ఉంటుంది. కార్యాలయంలో నియమాలు తెలిసిన సుబేదార్ మేజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే తప్పెక్కడుందో ఆయనే చూపిస్తారు. బొమ్మలు గీసే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో నియమం ఏదో ఒక డబ్బా లోపల, ఇంకో డైలాగ్ పెట్టె వెనక దాక్కుంటుంది. ఈ ఒక్క గుణానికే సిమ్‌పైకి పెద్ద మార్కు వేయాలి.

రెండో మంచి గుణం, ఇన్‌స్టాల్ చేయడం తేలిక. వేరే ఏ లైబ్రరీ మీదా ఆధారపడదు. రక్షణ కార్యాలయాల్లో ఇంటర్నెట్ లేని యంత్రాల మీదే సిబ్బంది రికార్డులు ఉంటాయి. ఒక్క చిన్న ఫైలు తనిఖీ చేయించి ఎక్కిస్తే చాలు. లైసెన్సు సర్వర్ లేదు, ఏటా పునరుద్ధరణ లేదు. మూడేళ్లకో పోస్టింగ్ మారే చోట కొత్తగా వచ్చిన అధికారికి ఫోల్డర్ అప్పగిస్తే సరిపోతుంది.

ఇక లోపాలు. చాలావాటిని దాటొచ్చు, కానీ ముందే తెలియకపోతే నమూనా తప్పుడు అంకెలు ఇస్తూనే ఉంటుంది, ఎక్కడా ఆగి హెచ్చరించదు.

మొదటిది శిక్షణ సీట్ల సంగతి. సిమ్‌పైలో రిసోర్స్ అనేది బ్యాంకు కౌంటర్ లాంటిది, ఒక సీటు ఖాళీ అవగానే వరుసలో ముందున్నవాడు లోపలికి వెళ్తాడు. సైనిక కోర్సు అలా ఉండదు. నిర్ణీత తేదీన మొదలవుతుంది, ఆ తేదీ తప్పితే తర్వాతి కోర్సు దాకా ఆగాలి, కనీస సంఖ్య రాకపోతే కోర్సే రద్దవుతుంది. రిసోర్స్‌ను నేరుగా వాడితే నిరీక్షణ కాలం ఉన్నదానికంటే బాగా తక్కువగా కనిపిస్తుంది. సరైన పద్ధతి వేరు: వచ్చినవాళ్లను స్టోర్‌లో (సిమ్‌పైలో నిల్వ ఉంచే డబ్బా లాంటిది) ఉంచండి. కోర్సు కోసం వేరే ప్రాసెస్ రాయండి. అది తేదీ రాగానే సీట్ల మేరకు స్టోర్‌లోంచి మనుషుల్ని తీసుకుంటుంది, కనీస సంఖ్య లేకపోతే వెనక్కి పెడుతుంది. ఇరవై లైన్ల కోడ్, కానీ ఫలితం మొత్తం మారిపోతుంది.

పైలట్ల శిక్షణ దీనికి మంచి ఉదాహరణ. మన వాయుసేనలో మొదటి దశ దుండిగల్‌లో పిలాటస్ విమానాల మీద నడిచింది, ఆపై ఫైటర్ల దారిలో కిరణ్, ఆ తర్వాత బీదర్‌లో హాక్. ఒక దశ ముగిసిన బ్యాచ్ తర్వాతి దశకు వెళ్లే గొలుసు ఇది. మొదటి దశకు 24 వారాలు, రెండో దశకు 26 వారాలు, ఒక్కో దశలో ఒకసారికి ఒకే బ్యాచ్ అనుకోండి. తేడా రెండు వారాలే కదా అనిపిస్తుంది. కానీ ప్రతి బ్యాచ్ ముందు బ్యాచ్ కంటే రెండు వారాలు ఎక్కువ ఆగుతుంది. పదకొండో బ్యాచ్ వచ్చేసరికి 20 వారాల నిరీక్షణ. ఎగరకుండా ఐదు నెలలు కూర్చున్నవాళ్లకు మళ్లీ అలవాటు కోసం అదనపు గంటలు ఇవ్వాలి, ఆ గంటలు మళ్లీ విమానాల నుంచి, బోధకుల నుంచే రావాలి. దాంతో రెండో దశ ఇంకా సాగుతుంది. తనను తానే పెంచుకునే ఇలాంటి జాప్యాన్ని సిమ్‌పై చాలా బాగా పట్టిస్తుంది. మూడు దశల్లో ఉత్తీర్ణత 90, 90, 95 శాతాలైతే ఏ ఒక్క దశ లోపమూ పెద్దగా కనబడదు, కానీ 100 మంది బయటికి రావాలంటే 130 మంది మొదలుపెట్టాలి. తప్పినవాళ్లు ఏ వారంలో తప్పారన్నది కూడా నమోదు చేయాలి, చివరి వారంలో తప్పినవాడు సీటు మొత్తం వాడుకునే వెళ్తాడు.

రెండో లోపం పదోన్నతుల దగ్గర. సైన్యంలో అధికారులకు కెప్టెన్ 2 ఏళ్లకు, మేజర్ 6 ఏళ్లకు, లెఫ్టినెంట్ కల్నల్ 13 ఏళ్లకు కాలం ప్రకారం వస్తాయి. ఇవి టైమ్‌అవుట్ (ఇంతకాలం ఆగు అనే ఆదేశం) పెడితే అయిపోతాయి. కల్నల్ నుంచి ఎంపిక బోర్డు, ఖాళీల లెక్క మొదలవుతాయి. ప్రయారిటీ రిసోర్స్‌తో (ప్రాధాన్యం అంకెను బట్టి వరుస నడిపే రిసోర్స్) దీన్ని చేయాలని చాలామంది ప్రయత్నిస్తారు. కుదరదు. అందులో ప్రాధాన్యం వరుసలో చేరిన క్షణంలోనే స్థిరపడుతుంది, తర్వాత ఏడాది నివేదికలో మార్కులు పెరిగినా తగ్గినా స్థానం మారదు. పైగా అక్కడ చిన్న అంకెకే పెద్ద ప్రాధాన్యం, మెరిట్ మార్కులు అలాగే ఇచ్చేస్తే అందరికంటే బలహీనుడు ముందు కల్నల్ అవుతాడు. బోర్డుకు సిమ్‌పై వస్తువులేవీ వాడకండి. మామూలు జాబితా పెట్టుకుని, బోర్డు తేదీన వరుసపెట్టి, ఖాళీల మేరకు తీసుకోండి. ఒక్కో అధికారి పేరిట ఎన్నోసారి పరిశీలనకు వస్తున్నాడో లెక్క ఉంచండి. మూడు అవకాశాలు అయిపోయినవాళ్లను వేరే దారికి పంపాలి, వాళ్లకు 26 ఏళ్ల దగ్గర టైమ్ స్కేల్ కల్నల్ (ఎంపికతో కాక సర్వీసు కాలంతో వచ్చే హోదా) ఉంది. ఆ దారి రాయకపోతే వాళ్లు నమూనాలో లెఫ్టినెంట్ కల్నల్‌గానే ఉండిపోయి ఆ హోదా సంఖ్యను ఉబ్బిస్తారు.

దీనికి అతుక్కుని మరో ఉచ్చు ఉంది. ఒకే సమయానికి రెండు సంఘటనలు పడితే, ప్రాధాన్యం సమానమైనప్పుడు సిమ్‌పై ముందు ఏది షెడ్యూలులోకి ఎక్కిందో దాన్నే ముందు నడుపుతుంది. పదవీ విరమణలు నెలాఖరున జరుగుతాయి. బోర్డు కూడా నెలాఖరు తేదీనే పెడితే, కొన్నిసార్లు బోర్డు ముందు నడిచి విరమణలు తర్వాత జరుగుతాయి. ఆ ఖాళీలు బోర్డుకు కనిపించవు, తర్వాతి బోర్డు దాకా పోస్టులు ఖాళీగా ఉంటాయి. ఏ తప్పూ చూపించదు, ఫలితంలో కల్నల్ల కొరత ఉంటుంది, అది విధానం లోపమనుకుని సిఫారసులు రాసేస్తారు. దీనికి ఒకటే మందు. ముఖ్యమైన మార్పులన్నీ ఒకే నియంత్రణ ప్రాసెస్‌లో వరుసగా నడపాలి: ముందు నిష్క్రమణలు, తర్వాత పైనుంచి కిందికి పదోన్నతులు, తర్వాత పోస్టింగులు, చివరికి చేరికలు. పైనుంచి కిందికి అన్నది గట్టిగా గుర్తుంచుకోవాలి. బ్రిగేడియర్ ఖాళీ నింపితే కల్నల్ ఖాళీ పుడుతుంది. కింది నుంచి మొదలుపెడితే ఆ ఖాళీ ఆ ఏడాది నిండదు.

సమయం యూనిట్ మీద కూడా సిమ్‌పై ఏమీ చెప్పదు. 1 అంటే రోజా, వారమా, నెలా అన్నది రాసేవాళ్ల ఇష్టం. ఏడాదికి 52 వారాలు పెట్టుకుంటే 364 రోజులే అవుతాయి. ఇరవై ఏళ్లు నడిపేసరికి దాదాపు 25 రోజులు జరిగిపోతాయి, నెలాఖరు విరమణలు వేరే నెలలో పడతాయి. రోజుల్లో నడపండి, క్యాలెండర్ తేదీలకు పైథాన్‌లో ఉన్న తేదీల మాడ్యూల్ వాడండి.

నిష్క్రమణ శాతాల్లో రెండు తప్పులు తరచుగా కనిపిస్తాయి. ఏడాదికి 6 శాతం వెళ్తారని తెలిస్తే, పన్నెండుతో భాగించి నెలకు 0.5 శాతం పెట్టడం ఒకటి. అలా చేస్తే ఏడాదికి 5.84 శాతమే వెళ్తారు, సరైన నెలసరి విలువ 0.514. ఇది చిన్న తప్పు. పెద్ద తప్పు ఏమిటంటే సర్వీసు ఎంతైనా ఒకే శాతం పెట్టడం. సైనికులకు పింఛను అర్హత 15 ఏళ్లు, అధికారులకు 20 ఏళ్లు. ఆ గీత దాటే ముందు ఎవరూ కదలరు, దాటగానే గుంపుగా వెళ్తారు. సగటు శాతం ఈ కొండనూ లోయనూ చదును చేసేస్తుంది, పద్నాలుగో ఏటి అనుభవజ్ఞులు నమూనాలో లేకుండా పోతారు. సర్వీసు సంవత్సరాన్ని బట్టి పట్టిక పెట్టక తప్పదు.

అగ్నివీర్ల 25 శాతం విషయంలో హారం ఏదో ముందు తేల్చుకోవాలి. చేరిన 1,000 మందిలో 25 శాతమంటే 250. నాలుగేళ్ల చివర మిగిలిన 900 మందిలో అంటే 225. ఒక బ్యాచ్‌కు తేడా 25 మందే. పదిహేనేళ్లు నిలిచే కేడర్‌లో అది 375 మంది అవుతుంది. శాతాన్ని దళం మొత్తానికి ఒకేసారి కాకుండా ట్రేడ్ (పని విభాగం) వారీగా పెట్టి చూడండి. ఏటా 40 మంది చేరే సాంకేతిక ట్రేడ్‌లో పదిమందే మిగులుతారు. ఆ పదిమందిలోంచే పదేళ్ల తర్వాత బోధకులు, పర్యవేక్షకులు రావాలి. ఇద్దరు వైద్య కారణాలతో వెళ్లినా ఐదో వంతు పోయినట్టే. మొత్తం లెక్కలో అంతా సరిగ్గా ఉన్నట్టు కనిపించి, ట్రేడ్ వారీగా చూస్తే ఖాళీ ఉండే పరిస్థితి ఇదే. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ (సైన్యం యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ బాగుచేసే విభాగం) కేంద్రం లాంటి సాంకేతిక శిక్షణ కేంద్రాలకు వర్తించే ప్రశ్న కాబట్టి దీన్ని ఇంత వివరంగా రాయాల్సి వచ్చింది.

శిక్షణ మధ్యలో గాయపడి వెళ్లిపోయినవాణ్ని ఇంటరప్ట్‌తో ఆపుతాం. అప్పుడు అతని చేతిలోని సీటు విడుదల చేయడం మర్చిపోతే ఆ సీటు ఇక ఎప్పటికీ తిరిగి రాదు. ఏడాదికి నాలుగైదు సీట్లు ఇలా కారిపోతాయి, పదో ఏట శిక్షణ సామర్థ్యం తగ్గినట్టు కనిపిస్తుంది. సీటు అడగడాన్ని పైథాన్ విత్ బ్లాకు లోపల రాస్తే విడుదల తనంతట తానే జరుగుతుంది, ఇంకా వరుసలోనే ఉన్నవాడి అభ్యర్థన కూడా రద్దవుతుంది. మినహాయింపు లేకుండా ప్రతిచోటా అలాగే రాయండి.

యాదృచ్ఛిక సంఖ్యలు సిమ్‌పై ఇవ్వదు, పైథాన్ నుంచో నమ్‌పై అనే లెక్కల లైబ్రరీ నుంచో తెచ్చుకోవాలి. చేరికకు ఒకటి, నిష్క్రమణకు ఒకటి, శిక్షణ ఫలితాలకు ఒకటి చొప్పున వేర్వేరు జనరేటర్లు పెట్టండి. ఒకే జనరేటర్‌తో నడిపితే ఉంచుకునే శాతం మార్చగానే గాయాలూ తప్పినవాళ్లూ అన్నీ మారిపోతాయి. రెండు విధానాల మధ్య తేడా విధానం వల్ల వచ్చిందో అదృష్టం వల్ల వచ్చిందో తెలియదు. కనీసం 30 సార్లు నడిపి, సగటు ఒక్కటే కాకుండా పదో పర్సంటైల్, తొంభయ్యో పర్సంటైల్ విలువలు (పదిసార్లలో ఒకసారి మాత్రమే అంతకంటే తక్కువ, ఎక్కువ వచ్చే అంకెలు) కూడా ఇవ్వాలి. సగటున పోస్టులు నిండినా పదిసార్లలో ఒకసారి 60 మంది తక్కువ పడతారంటే, కమాండర్‌కు అవసరమైన అంకె ఆ 60.

నమూనాను ఖాళీ దళంతో మొదలుపెట్టడం ఇంకో సాధారణ పొరపాటు. అలా చేస్తే 19 ఏళ్ల సర్వీసువాళ్లు కనిపించడానికే 19 ఏళ్లు పడుతుంది. ఇవాళ్టి జాబితాను హోదా, ట్రేడ్, పుట్టిన తేదీ, చేరిన తేదీతో సహా ఎక్కించి మొదలుపెట్టాలి. పరీక్షకు కూడా ఇదే దారి. ఏడెనిమిదేళ్ల కిందటి జాబితా ఎక్కించి ఇవాళ్టిదాకా నడిపి, వచ్చిన సంఖ్యను సర్వీసు సంవత్సరం వారీగా అసలు రికార్డులతో పోల్చండి. మొత్తం సంఖ్య కలిసిందని సంబరపడొద్దు, ఎక్కువ ఒకచోట తక్కువ ఒకచోట ఉండి మొత్తం కలవొచ్చు. ప్రతి ఏడాదీ ప్రతి హోదాలో ఆరంభ సంఖ్యకు వచ్చినవాళ్లను కలిపి వెళ్లినవాళ్లను తీసేస్తే ముగింపు సంఖ్య రావాలి. ఒక్క మనిషి తేడా వచ్చినా ప్రోగ్రాం ఆగిపోయేలా రాయండి. ఈ పరీక్షలేవీ సిమ్‌పై తనంతట చేయదు. గ్రాఫులు, రిపోర్టులు, యానిమేషన్ ఏవీ లేవు, ఏం నమోదు చేయాలన్నా మనమే రాసుకోవాలి.

వేగం గురించి భయపడేవాళ్లు రాసే తీరు మార్చుకుంటే సరిపోతుంది. 10,000 మందికి నెలకోసారి ఒక సంఘటన పెడితే 30 ఏళ్లకు 36 లక్షల సంఘటనలు. అలా కాకుండా ప్రతి మనిషికీ ఏదైనా జరిగే రోజునే సంఘటన పెడితే, మొదటి జాబితా, కొత్తగా చేరే 38,700 మంది కలిపి దాదాపు 48,700 మంది, మనిషికి ఎనిమిది సంఘటనలు, మొత్తం నాలుగు లక్షల లోపే. ఫిల్టర్ స్టోర్ (షరతుకు సరిపోయినదాన్ని వెతికి తీసే స్టోర్) మాత్రం పెద్ద జాబితాలకు వాడకండి, అడిగిన ప్రతిసారీ వస్తువులను ఒక్కొక్కటిగా వెతుకుతుంది, వేల మంది ఉంటే ప్రోగ్రాం నత్తనడక పడుతుంది.

పోటీ సాధనాల మాట. వెన్సిమ్ ఉచిత పీఎల్‌ఈ కూర్పు స్టాక్, ఫ్లో బొమ్మలకు (ఎంతమంది ఉన్నారు, ఎంతమంది వస్తూ పోతున్నారు అని డబ్బాలు, బాణాలతో చూపేవి) చక్కగా ఉంటుంది, పై అధికారులకు విషయం అర్థం చేయించడానికి ఇంతకంటే తేలికైనది లేదు. కానీ అందులో సబ్‌స్క్రిప్టులు (ఒకే డబ్బాను ఎన్నో వర్గాలకు వర్తింపజేసే సౌకర్యం) లేవు. సర్వీసు ఏళ్లు 19, ట్రేడ్లు 20 ఉంటే 380 డబ్బాలు చేత్తో గీయాలి. ఎనీలాజిక్‌లో స్టాక్-ఫ్లో, సంఘటనల వరుస, వ్యక్తి వారీ అనే మూడు పద్ధతులూ కలిపి వాడొచ్చు, యానిమేషన్ బాగుంటుంది, జావా తెలిసుండాలి, ఉచిత అభ్యాస కూర్పును ఆఫీసు పనికి వాడే అనుమతి లేదు. అరీనా విద్యార్థి కూర్పులో ఒకేసారి 150 ఎంటిటీలకు (నమూనాలో కదిలే మనుషులు, వస్తువులు) మించి ఉండకూడదు, ఒకట్రెండు కంపెనీల సైనికులతోనే ఆ హద్దు నిండుతుంది.

పైథాన్ రాసేవాళ్లు ఇద్దరు, సేవా నియమాలు తెలిసినవాళ్లు ఒకరు, వ్యక్తి వారీ రికార్డులు ఉన్న కార్యాలయానికి సిమ్‌పై ఐదుకు నాలుగు మార్కులు. హోదా వారీ మొత్తాలు మాత్రమే చేతిలో ఉన్నవాళ్లకు రెండే, వాళ్లు ఎక్సెల్‌లో మార్కోవ్ పట్టికతో (ఏటా ఒక హోదా నుంచి ఇంకో హోదాకు ఎంత శాతం మారతారో చూపే పట్టిక) మొదలుపెట్టాలి. ఆపరేషన్స్ రీసెర్చ్ చదివే విద్యార్థులు ముందు ఒకే ట్రేడ్, ఒకే కోర్సు, 40 మందితో కట్టి, చేత్తో వేసిన లెక్కతో మనిషి మనిషికీ సరిపోల్చుకోవాలి. రెండో ట్రేడ్ చేర్చాల్సింది ఆ తర్వాతే.